ఫిల్టరు కడిగింది నేనే

మా ఇంట్లో గడ్డి కోసే మిషను ఒకటి ఉంది. భుజానికి తగిలించుకుని, చివర గిరగిరా తిరిగే నైలాన్ దారంతో గడ్డి కొట్టేది. షాపు వాళ్ళు బ్రష్ కట్టర్ అంటారు, మా ఊళ్ళో అందరూ గడ్డి మిషను అనే అంటారు. ఎకరం నిమ్మతోట, మిర్చి చేను గట్లు, ఇంటి వెనక దొడ్డి... వీటన్నిటికీ అదే దిక్కు. వానలు మొదలైతే మా పల్నాడు నల్లరేగడిలో గరిక, తుంగ, వయ్యారిభామ ఎంత తొందరగా లేస్తాయో చేలు ఉన్న వాళ్ళకు చెప్పక్కర్లేదు. దొడ్డి దారిలో గడ్డి మోకాలెత్తు పెరిగిందంటే రక్తపింజరి భయం. మా అత్తయ్య తెల్లవారుజామున లేచి గేదె దగ్గరికి వెళ్ళేది ఆ దారినే. కాబట్టి ఆ మిషను ఆగిపోవడం మా ఇంట్లో చిన్న విషయం కాదు.

రెండేళ్ళ కిందట అది ఆగిపోయింది. ఎందుకు ఆగిందో, ఆ నింద ఎవరి మీద పడిందో, ఆ తర్వాత నేనేం చేశానో ఇవాళ చెప్తాను. మిషను గొడవ మనకెందుకని పేజీ దాటేయకండి. చివరికి ఇది మన సంగతే.

ఆ ఏడు వానాకాలంలో మిషను మొండికేసింది. స్టార్ట్ అవుతుంది, రేజ్ ఇస్తే గుర్‌మని మూలిగి పొగ వదిలి చచ్చిపోతుంది. అప్పుడే మా ఆడపడుచు వాళ్ళు వచ్చారు. అన్నయ్యగారికి బళ్ళూ మోటార్లూ అంటే సరదా. "స్క్రూ డ్రైవర్ ఇట్లా తెండి చెల్లెమ్మా" అని తీసుకుని కార్బొరేటర్ మీదున్న చిన్న స్క్రూ ఒకటి అటూ ఇటూ తిప్పారు. మిషను ఒక్కసారిగా తేరుకుని గట్టిగా పలికింది. "చూశారా, అంతే!" అన్నారు. అందరం మెచ్చుకున్నాం. మావారు సాయంత్రం దాకా గడ్డి కొట్టారు కూడా.

మర్నాడు పొద్దున వాకిలి కడుగుతూ చూశాను, మిషను నిండా మట్టి, ఎండిన గడ్డి పొడి. నాకు ఏదీ మురికిగా ఉంటే ప్రాణం ఒప్పదు. తుడుస్తుంటే పక్కనున్న మూత ఊడొచ్చింది. లోపల స్పాంజి ముక్క ఒకటి, మసిబొగ్గులా ఉంది. సబ్బునీళ్ళలో నానేసి, పిండి, ఎండలో ఆరేసి, తిరిగి పెట్టాను. అదే ఎయిర్ ఫిల్టర్ అని కూడా అప్పుడు నాకు తెలీదు.

ఆ రోజు మిషను ఇంకా హుషారుగా మోగింది. సన్నగా, కీచుగా, ఈల వేసినట్టు. ఇరవై నిమిషాలైందో లేదో టక్కున ఆగింది. తాడు లాగితే కదల్లేదు. పిస్టను పట్టేసింది.

ఆ సాయంత్రం మా ఇంట్లో పంచాయతీ మీరే ఊహించుకోండి. "నీళ్ళు పోసి కడిగావంటగా?" "ఆడవాళ్ళు మిషన్ల జోలికి పోతే ఇంతే." "నిన్న బ్రహ్మాండంగా ఆడిన మిషను..." మావారు పెద్దగా ఏమీ అనలేదు. కానీ "ఎందుకు ముట్టుకున్నావే" అన్న ఆ ఒక్క మాట చాలదూ! నేను కూడా నమ్మేశాను. నా సబ్బునీళ్ళే మిషన్ని చంపాయని రెండు రోజులు అన్నం సయించలేదు.

మూడో రోజు మావారికి నడుం నొప్పిగా ఉండి, మిషన్ని ఆటోలో వేసుకుని నరసరావుపేట నేనే వెళ్ళాను. అక్కడ ఒక పెద్దాయన, అరవై దాటి ఉంటాయి, ఇంజను విప్పి పిస్టను చేతికిచ్చారు. దాని పక్కన నిలువుగా గీతలు, ఎవరో గోళ్ళతో రక్కినట్టు. "ఎవరన్నా స్క్రూ తిప్పారా అమ్మా?" అని అడిగారు. తిప్పారన్నాను. "తిప్పిన తర్వాత ఫిల్టరు శుభ్రం చేశారా?" నా గుండె గుభేలుమంది. నేనే కడిగానన్నాను. ఆయన నవ్వారు. "మీరు చేసిందే సరైన పని. ముందు చేయాల్సింది తర్వాత చేశారు, అంతే" అన్నారు.

ఆయన చెప్పింది నాకు అర్థమైన భాషలో చెప్తాను. కార్బొరేటర్ అంటే పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజనుకు పెట్టే వంటగది. ఫిల్టరు మట్టితో మూసుకుపోతే గాలి తగ్గుతుంది. గాలి తగ్గితే పెట్రోలు పాలు ఎక్కువై కలయిక చిక్కనవుతుంది. అందుకే పొగ, అందుకే ఆ మూలుగు. అప్పుడు చేయాల్సిన పని ఫిల్టరు శుభ్రం చేయడం. అన్నయ్యగారు ఆ పని చేయకుండా స్క్రూ బిగించి పెట్రోలు తగ్గించారు. తక్కువ గాలికి తక్కువ పెట్రోలు సరిపోయింది, మిషను పలికింది. మర్నాడు నేను ఫిల్టరు కడిగితే గాలి బోలెడు వచ్చింది, పెట్రోలేమో తగ్గించినంతే ఉంది. కలయిక మరీ పల్చనైపోయింది. ఈ రెండు స్ట్రోకుల ఇంజన్లో ఆయిలు పెట్రోల్లోనే కలిసి వస్తుంది. పెట్రోలు తగ్గిందంటే ఆయిలూ తగ్గినట్టే. పైగా పల్చన కలయిక వేడెక్కువ మండుతుంది. వేడి పెరిగి, జిడ్డు తగ్గి, పిస్టను గోడకు అతుక్కుపోయింది. మేం మురిసిపోయిన ఆ ఈల శబ్దం మిషను పెట్టిన చావుకేక.

అంటే ఆయనా మంచే చేయబోయారు, నేనూ మంచే చేయబోయాను. ఒకరు చేసింది ఇంకొకరికి తెలీదు. ఖర్చు 3,500 రూపాయలు. నింద మాత్రం మొత్తం నా ఖాతాలో.

ఇంటికొచ్చి ఈ మాట చెప్తే ఎవరూ ఒప్పుకోరని తెలిసి, ఆ గీతల పిస్టను కాగితంలో చుట్టి తెచ్చుకున్నాను. మావారి చేతిలో పెట్టి, పెద్దాయన చెప్పింది చెప్పినట్టు చెప్పాను. చాలాసేపు తిప్పి తిప్పి చూసి, "సరే, ఇక దీని సంగతి ఇద్దరం నేర్చుకుందాం" అన్నారు. ఆ మాట కోసమే ఈ వ్యాసం రాస్తున్నాననుకోండి.

మాది పలనాటి కథ పుట్టిన నేల. గురజాల కొలువులో మంత్రిగా చక్రం తిప్పిన నాయకురాలు నాగమ్మ గురించి తెలుగు బి.ఏ.లో చదువుకున్నాను. కారంపూడి యుద్ధం మాట వస్తే ఇప్పటికీ మా పక్క చాలామంది "అంతా ఆ నాగమ్మ వల్లే" అనేస్తారు. రెండు వైపులా రాజులున్నారు, మంత్రులున్నారు, పంతాలున్నాయి. అయినా కథ చెప్పేటప్పుడు వేలు ఆమె వైపే పోతుంది. మిషను పాడైతే "ముట్టుకున్నదెవరు" అనే ప్రశ్న కూడా అలాంటిదే. మగవాడి చెయ్యి పడి పాడైతే అది రిపేరు. ఆడదాని చెయ్యి పడి పాడైతే అది తప్పు.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఇంట్లో ఉన్న ప్రతి మిషను గురించీ, దాన్ని వాడే వాళ్ళకీ తుడిచే వాళ్ళకీ ఇద్దరికీ తెలిసి ఉండాలి. తుడిచే పని మనదీ, తిప్పే పని వాళ్ళదీ అని పంచుకున్నన్నాళ్ళూ ఇలాంటి పిస్టన్లు పోతూనే ఉంటాయి.

ఇప్పుడు నేను నేర్చుకున్నది చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది.

మొదటి మాట: స్క్రూ ముట్టుకోవడం ఆఖరి పని. ముందు పెట్రోలు చూడాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో ఇథనాల్ కలుస్తోంది, అది తేమను లాక్కుంటుంది. నెలల తరబడి ట్యాంకులో ఉంచితే మిషనుకు అజీర్తి ఖాయం. సీజను అయిపోయాక ట్యాంకు ఖాళీ చేసి, కార్బొరేటర్లో మిగిలింది కూడా అయిపోయేదాకా ఆడించి లోపల పెట్టాలి. ఆయిలు పాలు కంపెనీ పుస్తకంలో ఉంటుంది. కొన్నిటికి లీటరుకు 20 మిల్లీలీటర్లు, కొన్నిటికి 40. మన జ్వరం మందు సీసాతో వచ్చే కొలత మూతే ఒకటి దీనికని పక్కన పెట్టుకున్నాను. అందాజుగా పోయకండి. మీది నాలుగు స్ట్రోకుల మిషను అయితే పెట్రోల్లో ఆయిలు కలపకూడదు, దాని ఆయిలు వేరేగా పోస్తారు.

రెండోది ఫిల్టరు. సబ్బునీళ్ళలో పిండి పూర్తిగా ఆరనివ్వాలి. మూడోది ప్లగ్గు. విప్పి చూస్తే మూతి కాఫీ రంగులో ఉంటే ఆరోగ్యం. నల్లగా తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువ, తెల్లగా కాలినట్టుంటే తక్కువ. పొగ గొట్టంలో చిన్న జాలీ ఉంటే అందులో మసి కూడా చూడాలి. నూటికి ఎక్కువసార్లు జబ్బు ఇక్కడే నయమైపోతుంది.

ఇవన్నీ బాగుండి కూడా మిషను సతాయిస్తే అప్పుడు స్క్రూల దగ్గరికి వెళ్ళాలి. మా మిషనుకు మూడున్నాయి. ఎల్ అని ఉన్నది నెమ్మదిగా ఆడేటప్పటి పెట్రోలుకు, హెచ్ అని ఉన్నది పూర్తి వేగంలో పెట్రోలుకు, టి అని ఉన్నది ఊరకే నిలబడి ఆడే వేగానికి. కొన్ని మిషన్లకు ఇన్ని ఉండవు, కొన్నిటికి ఎక్కువ తిరక్కుండా టోపీలు పెట్టి ఉంటాయి. ఆ టోపీలు పీకే సాహసం వద్దు. ఎల్, హెచ్ స్క్రూలు బిగిస్తే పెట్రోలు తగ్గుతుంది, వదులు చేస్తే పెరుగుతుంది. తిప్పే ముందు, ఎన్ని చుట్లకు మెత్తగా ఆనుతుందో లెక్కపెట్టి గోడ క్యాలెండర్ మీద రాసుకోవాలి. బలంగా బిగిస్తే లోపలి సూది మొన పాడవుతుంది. లెక్క రాసుకున్నామంటే ఎప్పుడు దారి తప్పినా మొదటికి రావచ్చు. వంటలో ఉప్పు తీయలేం గానీ ఇక్కడ తీయొచ్చు, అదే అదృష్టం.

ఇంజను నాలుగైదు నిమిషాలు ఆడి వేడెక్కాక మొదలుపెట్టాలి. చల్లటి ఇంజను అబద్ధం చెప్తుంది. ముందు ఎల్. కొంచెం కొంచెంగా, చుట్టులో ఎనిమిదో వంతు చొప్పున తిప్పుతూ, ఎక్కడ సాఫీగా, వేగంగా ఆడుతుందో పట్టుకుని, అక్కడి నుంచి రవ్వంత వదులు చేయాలి. రేజ్ ఇస్తే తడబడకుండా లేవాలి. తర్వాత హెచ్. పూర్తి రేజ్‌లో, కొద్ది క్షణాలు మాత్రమే. ఇక్కడే చెవి కావాలి. సన్నటి కీచు వస్తుంటే ప్రమాదం. కొంచెం వదులు చేస్తే ఆ కీచులో చిన్న గరగర కలుస్తుంది, గొంతులో కఫం ఉన్నట్టు. గడ్డిలో పెట్టగానే ఆ గరగర పోయి గొంతు సాఫీ అవుతుంది. అక్కడ ఆపేయాలి. ఆఖరున టి. చేయి తీసేస్తే ఇంజను ఆగకూడదు, దారం తిరగకూడదు. ఊరకే ఉన్నప్పుడు దారం తిరుగుతుంటే కాళ్ళకు ముప్పు. ఈ పనంతా ఆరుబయట, పొయ్యికి దూరంగా, పిల్లల్ని పంపేసి, కళ్ళద్దాలూ బూట్లూ వేసుకునే చేయాలి. చెప్పులతో, చీర కుచ్చిళ్ళతో వద్దు. నేను మావారి పాత ప్యాంటు వేసుకుంటాను. మొదటి రోజు మా అత్తయ్య మొహం చూడాల్సింది!

ఇంకో సంగతి మా ఎండల గురించి. వేసవి వార్తల్లో మా రెంటచింతల పేరు మీరంతా వినే ఉంటారు. వేడి గాలి పల్చగా ఉంటుంది, చల్లటి గాలి చిక్కగా ఉంటుంది. మే నెల మిట్టమధ్యాహ్నం సరిగ్గా పెట్టిన స్క్రూ, డిసెంబరు తెల్లవారుజామున గాలి ఎక్కువై పల్చనైపోవచ్చు. అందుకే ఎప్పుడూ కాస్త చిక్కన వైపే ఉంచమన్నారు పెద్దాయన. "కాస్త పొగొస్తే పోయేదేం లేదమ్మా, పల్చనైతే ఇంజనే పోతుంది" అన్నారు.

ఇదంతా మా పక్కింటి అక్కకు చెప్తే ఒక ప్రశ్న వేసింది. "నేర్చుకున్నావు సరే. ఇప్పుడు ఆ పనీ నీ నెత్తినే పడుతుందిగా? గ్యాసు బుక్ చేయడం నేర్చుకున్నా, అది నా పనైంది. బ్యాంకుకు వెళ్ళడం నేర్చుకున్నా, అదీ నా పనైంది. కరెంటు బిల్లూ అంతే. తెలియదంటే కనీసం ఆ ఒక్క పనైనా తప్పుతుంది కదే." నవ్వుతూనే అంది గానీ, ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఎందుకంటే అది నిజం. మన ఇళ్ళల్లో తెలివికి జీతం లేదు, బరువు మాత్రం ఉంది. చేతకాదు అని చెప్పడం కూడా మన తల్లులు కనిపెట్టుకున్న ఒక గొడుగే.

కానీ ఆ గొడుగు వాన రోజు పనికిరాలేదు. మిషను పట్టేసిన రోజు, తెలియకపోవడం నాకు పని తప్పించలేదు, నింద తప్పించలేదు. తెలియకపోవడం వల్లే నింద మోశాను. తెలిసుంటే "ముందు స్క్రూ కాదు అన్నయ్యగారూ, ఫిల్టరు చూద్దాం" అని ఆ రోజే అనేదాన్ని. అందుకే అక్కకు ఇలా చెప్పాను. నేర్చుకుందాం. కానీ ఊరికే కాదు, మారకానికి. ఒక పని మన చేతికి వస్తే ఒక పని వాళ్ళ చేతికి పోవాలి. నేను హెచ్ స్క్రూ నేర్చుకున్న నెలలోనే మావారు ఇడ్లీ పిండి రుబ్బడం నేర్చుకున్నారు. మొదట్లో పిండి పల్చన, ఇడ్లీలు దోసెల్లా వచ్చాయి. నేనేమీ అనలేదు, స్క్రూ డ్రైవర్ చేతికిచ్చి నవ్వాను.

ఇది మనవల్ల కాదనుకునే వాళ్ళకు ఒక కథ. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఆవిడ, భర్త కార్ల్ బెంజ్ తయారుచేసిన కారును ఆయనకు చెప్పకుండా తీసుకుని, ఇద్దరు కొడుకులతో మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి వంద కిలోమీటర్ల పైన ప్రయాణం చేసింది. దారిలో ఇంధనం వచ్చే గొట్టం మూసుకుపోతే టోపీకి పెట్టుకునే సూదితో పొడిచి శుభ్రం చేసింది. అంటే కార్లలో తొలి దూర ప్రయాణం చేసిందీ, దారిలో రిపేరు చేసిందీ పుట్టింటికి బయల్దేరిన ఒక ఇల్లాలు. మన దగ్గరా పిన్నీసులకు కరువా? మన దేశంలోనూ 15,000 మహిళా సంఘాలకు మందు కొట్టే డ్రోన్లు ఇవ్వాలని 2023లో కేంద్రం పథకం పెట్టింది. డ్రోను ఎగరేసే చేతికి ఒక చిన్న స్క్రూ బరువా?

ఇంకో మాట కంపెనీల వాళ్ళతో. మా మిషనుతో వచ్చిన పుస్తకం ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. మా అమ్మాయి ఫోన్లో ఫోటో తీసి పెద్దది చేసి చూపిస్తే, పక్కన నిఘంటువు పెట్టుకుని రెండు రాత్రులు చదివాను. తెలుగు నేల మీద తెలుగు రైతుకు అమ్మే మిషనుకు రెండు పేజీల తెలుగు కాగితం జత చేస్తే ఎంత ఖర్చు? ఎన్ని పిస్టన్లు మిగులుతాయి?

అప్పుడప్పుడూ అనిపిస్తుంది, సంసారాల్లో కూడా ఇదే జరుగుతుందని. ఎక్కడో ఫిల్టరు మూసుకుపోయి ఉంటుంది. ఏళ్ళ తరబడి అడగని మాటో, చెప్పని బాధో. అది చూడకుండా పైన స్క్రూలు తిప్పుకుంటూ సర్దుకుపోతాం. కొన్నాళ్ళు బాగానే పలుకుతుంది. తర్వాత ఎవరో ఒకరు మంచి మనసుతో ఆ మురికి కడుగుతారు, అప్పుడు అంతా ఒక్కసారి పట్టేస్తుంది. అందరూ కడిగిన వాళ్ళనే అంటారు. మూసుకుపోయినప్పుడు ఎవరూ ఎందుకు చూడలేదని అడగరు. కడిగే ముందు ఒక్క మాట చెప్పుకుంటే, తిప్పే ముందు ఒక్క మాట అడిగితే, రెండు వైపులా చాలా నష్టం తప్పుతుంది.

ఆ గీతల పిస్టను ఇప్పటికీ మా వంటింటి అలమారలో, ఆవాల డబ్బా పక్కనే ఉంది. పోయిన సంక్రాంతికి అన్నయ్యగారు వచ్చినప్పుడు మిషను మళ్ళీ కొంచెం మూలిగింది. ఆయన స్క్రూ డ్రైవర్ కోసం చెయ్యి చాచి, ఆగి, నా వైపు చూసి, "ముందు ఫిల్టరా చెల్లెమ్మా?" అన్నారు. ఆ మాటకు కడుపు నిండిపోయింది. నేను మూత విప్పాను, ఆయన బకెట్లో నీళ్ళు పట్టుకొచ్చారు.

మీ ఇంట్లో మీరు తుడుస్తారు గానీ తిప్పని మిషను ఏది? అది ఎలా పనిచేస్తుందో ఈ వారంలో ఎవరినైనా అడిగి చూడండి. మారకానికి ఏ పని ఇవ్వబోతున్నారో కూడా ముందే మాట్లాడుకోవడం మర్చిపోకండేం!